నాలుగో ప్లేస్ వచ్చిన అమ్మాయికి ఏ పుస్తకం ఇవ్వాలి?

ప్రశ్న: నమస్తే అండి. మాది విశాఖపట్నం, కంచరపాలెం. మా పాప పదో తరగతి. ఎనిమిదో తరగతి నుంచి హర్డిల్స్, అంటే అడ్డు కర్రల మీంచి దూకుతూ పరిగెత్తే పందెం, పరిగెడుతోంది. మన ఊరి జ్యోతి యర్రాజీని టీవీలో చూసి అందులోకి వెళ్లింది. పోయిన నెల మీట్‌లో ఫైనల్స్‌లో నాలుగో ప్లేస్ వచ్చింది. ముగ్గురినే సెలక్ట్ చేశారు. ఇంటికొచ్చి స్పైక్స్ బూట్లు అటక మీదకి విసిరేసింది. ఇక గ్రౌండ్‌కి రానంటోంది. వాళ్ల నాన్నేమో "మంచిదే, పబ్లిక్ పరీక్షలున్నాయి కదా" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. రెండేళ్లుగా రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేపి తీసుకెళ్లింది నేనే. ధైర్యం వస్తుందని ఎగ్జిబిషన్‌లో గొప్ప క్రీడాకారుల జీవితాల పుస్తకం ఒకటి కొన్నాను. నాలుగు పేజీలు తిప్పి, "వీళ్లందరూ గెలిచినోళ్లే కదమ్మా" అని పక్కన పడేసింది. దానికి మళ్లీ పట్టుదల తెప్పించే పుస్తకాలేమైనా ఉంటే చెప్పండి. నాకు ఇంగ్లీష్ రాదు. దానికి వచ్చు గానీ లావు పుస్తకమంటే బద్ధకం.

జవాబు:

అమ్మా, మీ పాప పుస్తకం పక్కన పడేస్తూ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాలుగు పేజీల్లోనే ఆ పుస్తకంలో ఏం లేదో పట్టేసింది. పుస్తకాలంటే బద్ధకమున్న పిల్ల అనే మాట కాదది. తన కోసం వెతుక్కుని, దొరక్క పక్కన పెట్టేసిన పిల్ల మాట.

మీరు కొన్నలాంటి పుస్తకాలు నేనూ చాలా చూశాను. మనిషికి రెండు పేజీలు. పేద కుటుంబంలో పుట్టారు, కష్టపడ్డారు, పతకం తెచ్చారు, ప్రభుత్వం అవార్డు ఇచ్చింది. "కష్టపడ్డారు"కీ "పతకం తెచ్చారు"కీ మధ్య ఒక్క కామా ఉంటుంది. ఆ కామాలో పదేళ్లు దాక్కుని ఉంటాయి. మీ పాప ఇప్పుడు ఉన్నది సరిగ్గా అక్కడే. అందుకే ఆ పుస్తకంలో తను కనబడలేదు.

కాబట్టి నాలుగో ప్లేస్ వచ్చిన వాళ్ల కథలే ముందు ఇద్దాం. మన దేశపు ఆటల చరిత్రలో వాటికి కొదవ లేదు.

మొదటి కథ పి.టి. ఉషది. పాప ఎలాగూ హర్డిల్స్ అమ్మాయే కాబట్టి ఇంతకంటే దగ్గరి కథ ఉండదు. 1984, ఆగస్టు 8, లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్. మహిళలకి 400 మీటర్ల హర్డిల్స్ పెట్టడం ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. ఉషకి 20 ఏళ్లు. సెమీ ఫైనల్లో తన రేసులో ఫస్ట్ వచ్చి ఫైనల్‌కి చేరారు. ఫైనల్లో తుపాకీ పేలగానే ఉష బాగా లేచారు. కానీ ఒకరు తుపాకీ కంటే ముందే కదలడంతో ఫాల్స్ స్టార్ట్ అయింది. అందరినీ వెనక్కి పిలిచి మళ్లీ నిలబెట్టారు. రెండోసారి స్టార్ట్ మొదటిసారంత బాగా పడలేదు. చివరికి రొమేనియా అమ్మాయి టైమ్ 55.41 సెకన్లు, ఉష టైమ్ 55.42. మూడో ప్లేస్‌కీ నాలుగో ప్లేస్‌కీ తేడా సెకనులో వందో వంతు.

ఇది చదివించే ముందు ఒక పని చేయించండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి, నొక్కి, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా ఆపమనండి. నేను పదిసార్లు ప్రయత్నించాను. వందో వంతు దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు, వేలు ఎత్తి దించేలోపే దాన్ని దాటిపోతోంది. ఉష పరిగెత్తిన వేగానికి ఆ వందో వంతులో దాటే దూరం ఏడు సెంటీమీటర్లు. పాపని తన చూపుడు వేలు చూసుకోమనండి, దాదాపు అంతే. గీత దగ్గర ఛాతీని ఇంకాస్త ముందుకి వంచి ఉంటే అని ఉషే తర్వాత చెప్పుకున్నారు.

అక్కడితో పుస్తకం మూసెయ్యకూడదు. మన ఇళ్లలో ఉష కథ ఆ వందో వంతు దగ్గరే ఆగిపోతుంది. మరుసటి ఏడాది, 1985లో, జకార్తాలో ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో ఉష ఐదు స్వర్ణాలు గెలిచారు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు, ఒక రజతం. లాస్ ఏంజిలిస్ నుంచి దిగిన పిల్ల ఇంటికెళ్లి ఏం చేసింది, ఎన్నాళ్లకి మళ్లీ స్పైక్స్ కట్టుకుంది అన్నదే మీ పాపకి కావాల్సిన సంగతి. 1987లో, ఇంకా పరుగులో ఉన్నప్పుడే, "గోల్డెన్ గర్ల్" అని ఉష ఆత్మకథ వచ్చింది. పాత పుస్తకం, కొత్తగా కొనాలంటే కష్టం. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో అడగండి. లేకపోతే పాత పుస్తకాల కొట్లవాళ్లకి పేరు రాసిచ్చి రండి, వచ్చినప్పుడు పక్కన పెడతారు.

రెండో కథ మిల్ఖా సింగ్‌ది. 2013లో వచ్చిన "ద రేస్ ఆఫ్ మై లైఫ్" ఆయన కూతురితో కలిసి రాసుకున్న ఆత్మకథ. చిన్న పుస్తకం, ఇంగ్లీష్ తేలిక. పదో తరగతి పిల్ల భయపడాల్సిన లావు కాదు. పాకిస్తాన్‌లోకి వెళ్లిపోయిన ఊళ్లో దేశ విభజన గొడవల్లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, ప్రాణాలు దక్కించుకుని వచ్చిన కుర్రాడు ఆయన. ఆ పేజీలు కన్నీళ్లు తెప్పిస్తాయి, పాప చదివేటప్పుడు పక్కన ఉండండి. తర్వాత మిలిటరీలో చేరి ఎక్కడికి వచ్చారనుకున్నారు? మన సికింద్రాబాద్‌కే. ఇక్కడి సైన్యం ఈఎంఈ సెంటర్‌లో కొత్త జవాన్లకి క్రాస్ కంట్రీ అనే దూరపు పరుగు పెట్టారు, మొదటి పదిమందిలో వస్తే అథ్లెటిక్స్ శిక్షణ ఇస్తామన్నారు. ఆయనకి ఆరో ప్లేస్ వచ్చింది. తర్వాత "ఫ్లయింగ్ సిఖ్" అని పేరు తెచ్చుకున్న మనిషి ఆట మొదలైందే ఆరో ప్లేస్‌తో.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో ఆయన నాలుగో ప్లేస్ సంగతి అందరికీ తెలుసు. మూడో మనిషికీ ఆయనకీ తేడా సెకనులో పదో వంతు. మధ్యలో వేగం తగ్గించాను, పక్కవాళ్లు ఎక్కడున్నారో చూశాను, అదే కొంపముంచింది అని జీవితాంతం చెప్పుకున్నారు. ఆ రేసు ఫిల్మ్ చూసిన కొందరు మాత్రం, ఆయన ముందుండి వెనకబడినట్టు అందులో కనబడదంటారు. ఈ మాట ఆయన్ని తగ్గించడానికి చెప్పడం లేదు. మనిషికి ఓటమి ఎలా గుర్తుండిపోతుందో, ఏళ్లు గడిచేకొద్దీ ఒక్క తల తిప్పడం ఎంత పెద్దదవుతుందో ఆలోచించడానికి చెబుతున్నాను. పాప కూడా ఇప్పుడు "ఆరో హర్డిల్ దగ్గర కాలు తగిలింది, అందుకే" అనో, ఇంకేదో అనో అనుకుంటూ ఉంటుంది. పుస్తకం చదివాక వీడియో కూడా చూసి, ఏది నిజమని నీకనిపిస్తోందని అడగండి. ఆటల చరిత్ర చదవడం అంటే అదే, ఒకరు చెప్పింది విని రికార్డు పక్కన పెట్టి చూసుకోవడం. ఇంకో సంగతి, ఆ నాలుగో ప్లేస్ టైమింగే 1998 దాకా మన జాతీయ రికార్డు. 38 ఏళ్లు ఏ ఫస్ట్ ప్లేస్ వాళ్లూ దాన్ని దాటలేదు.

షూటర్ అభినవ్ బింద్రా పుస్తకం "ఎ షాట్ ఎట్ హిస్టరీ" ఇంటర్‌కి వచ్చాక ఇవ్వండి. ఇప్పుడు కాస్త బరువవుతుంది. 2004 ఏథెన్స్ ఫైనల్లో ఆయన ఏడో ప్లేస్‌కి పడిపోయారు. తర్వాత తెలిసిందేమిటంటే, నిలబడ్డ చోట కాలి కింద పలక వదులుగా ఉందట. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో స్వర్ణం. పుస్తకం 2011లో వచ్చింది కాబట్టి అందులో లేని సంగతి ఒకటి ఉంది. 2016 రియోలో, స్కోరు సమానమైనప్పుడు పెట్టే షూట్ ఆఫ్‌లో ఓడి ఆయనా నాలుగో ప్లేస్‌లోనే ఆగారు. ఒలింపిక్ స్వర్ణం ఉన్న మనిషికి కూడా ఆ ప్లేస్ తప్పలేదు.

బాక్సర్ మేరీ కోమ్ ఆత్మకథ "అన్‌బ్రేకబుల్" మాత్రం ఇప్పుడే ఇవ్వొచ్చు. సూటిగా, ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కవల పిల్లల్ని కన్నాక మళ్లీ రింగ్‌లోకి దిగి 2008లో ప్రపంచ ఛాంపియన్ అయిన భాగం మీ ఇద్దరూ చదవాల్సింది.

మీకు ఇంగ్లీష్ రాదన్నారు. నా దృష్టిలో అది మీకు కలిసొచ్చే సంగతి. పాపకి పుస్తకం ఇచ్చి "చదువు, ధైర్యం వస్తుంది" అంటే మందు సీసా ఇచ్చినట్టే ఉంటుంది, మూత కూడా తియ్యదు. "నాకు ఇంగ్లీష్ రాదమ్మా, ఈ ఉష ఎవరో నాకు తెలుగులో చెప్పవా" అని అడగండి. రాత్రి అన్నాలయ్యాక పావుగంట చాలు. మీరు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో, బట్టలు మడతపెడుతూనో వినండి. చెప్పాలంటే తను ముందు చదువుకోవాలి. చదివింది తన మాటల్లోకి తెచ్చుకోవాలి. "అప్పుడేమైందంటే అమ్మా, ఫాల్స్ స్టార్ట్ అయ్యింది..." అని ఉష గురించి చెబుతూ చెబుతూ ఏదో ఒక రాత్రి తన రేసు గురించే చెబుతుంది. ఆ రోజు మధ్యలో ఏమీ అనకండి. "అయితే రేపటి నుంచి మళ్లీ వెళ్దామా?" అని అస్సలు అనకండి.

పబ్లిక్ పరీక్షల సంగతి మీవారు చెప్పింది తప్పేమీ కాదు. పావుగంటకి మార్కులు తగ్గవని చెప్పండి. ఇంగ్లీష్ పేపర్‌కి పనికొస్తుందని కూడా చెప్పండి, అదీ నిజమే. వీలైతే ఒక రోజు ఆయన్నీ కూర్చోబెట్టండి.

ఇప్పుడు మన వైపు సంగతులు. పిల్లలకి దూరపు వాళ్ల కథలు ఎన్ని చెప్పినా, బస్సెక్కితే వెళ్లిపోయేంత దగ్గరి ఊరి మనిషి కథ పట్టినట్టు పట్టవు. కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు ఉత్తరాంధ్రలో తెలియనివాళ్లు లేరు. వీరఘట్టం మనిషి. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న కథ మా అమ్మమ్మ కూడా చెప్పేది. ఆయన విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పిన మాస్టారని మాత్రం నాకు పెద్దయ్యేదాకా తెలియదు. ఏనుగు ఒక్క రోజు సంగతి. రోజూ పొద్దున్నే మైదానంలో పిల్లల్ని వరసలో నిలబెట్టి చేయించిన కసరత్తుల గురించి ఎవరూ కథలు చెప్పలేదు.

వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి గారిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఇంతవరకూ జీకే పుస్తకంలో ఉంటుంది. లోపలి లెక్క చూడండి. స్నాచ్‌లో (బరువుని ఒక్క ఊపులో తల మీదకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు. స్వర్ణం వచ్చిన ఆమె మొత్తం 242.5. మల్లీశ్వరికి క్లీన్ అండ్ జెర్క్‌లో ఇంకో లిఫ్ట్ మిగిలి ఉంది. 137.5 కిలోలు పెట్టించుకున్నారు, ఎత్తితే స్వర్ణమే. ఎత్తలేకపోయారు. అంటే దేశమంతా పండగ చేసుకున్న ఆ రోజు ఆమె చేసిన చివరి లిఫ్ట్ ఫెయిల్ అయిన లిఫ్టే. మీ పాపకి ఇది చెప్పి చూడండి. కాంస్యానికి సరిపడా బరువు చేతిలో ఉండగా అంత ఎక్కువ ఎందుకు పెట్టించుకున్నారో తననే అడగండి. నాకైతే ఆ ఫెయిల్ అయిన లిఫ్ట్ దగ్గరే ఆమె మీద గౌరవం రెట్టింపవుతుంది.

ఇక జ్యోతి యర్రాజీ. పాప టీవీలో చూసింది పతకాల జ్యోతిని. పేపర్ కటింగ్స్‌లో దొరికే జ్యోతి వేరు. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొని, 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆమె టైమింగ్స్ సెకన్లలో వరసగా రాయమనండి. 2020 జనవరి, మూడబిద్రి, యూనివర్సిటీ పోటీలు, 13.03. జాతీయ రికార్డు 2002 నాటి 13.38 కాబట్టి అది రికార్డే కావాలి. కానీ అక్కడ డోప్ పరీక్ష (నిషేధించిన మందులు వాడారేమో చూసే పరీక్ష) జరగలేదని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్, కోళికోడ్, 13.09. ఈసారి వెనక నుంచి గాలి. సెకనుకి 2 మీటర్ల దాకా ఒప్పుకుంటారు. ఆ రోజు 2.1 వీచింది. మళ్లీ లెక్కలోకి రాలేదు. గాలి ఒక్క పిసరు ఎక్కువ వీచినందుకు! ఆ ఏడాది మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తింది. ముందు రెండిటి కంటే నెమ్మది, అయినా చేతికి దక్కిన రికార్డు అదే. అదే అక్టోబరులో 12.82, పదమూడు సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ. 2023లో ఆసియా ఛాంపియన్. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, పక్క లేన్ అమ్మాయి ఫాల్స్ స్టార్ట్‌కి ఈమెని కూడా తప్పిస్తామన్నారు, వాదించి పరిగెత్తింది, చివరికి రజతం దక్కింది. 2024 పారిస్‌లో సెమీస్‌కి చేరలేదు. 2025లో మళ్లీ ఆసియా స్వర్ణం, ఆ వెంటనే మోకాలి సర్జరీ.

ఈ పట్టిక రాస్తున్నప్పుడు పాప తనంతట తానే గాలి వేగం గురించి వెతుకుతుంది చూడండి. హర్డిల్స్ అమ్మాయి కదా, మనకంటే తనకే బాగా తెలుసు. మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు, హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, అందులో మూడే అడుగులు, చివరి హర్డిల్ నుంచి గీత దాకా పదిన్నర. పెద్దవాళ్ల రేసులో పదిసార్లు ఎగిరి దిగాలి. ఎక్కడ వందో వంతు పోయిందో, ఎక్కడ తిరిగొచ్చిందో చదవగలిగే కన్ను తనకి ఉంది. నాకూ మీకూ అంకెలుగా కనబడేవి తనకి అడుగుల చప్పుడులా వినిపిస్తాయి.

చివరిగా మీ గురించి ఒక్క మాట, ఏమీ అనుకోకండి. రెండేళ్లు నాలుగున్నరకి లేచి, పాపకి స్టీలు గ్లాసులో పాలు కలిపిచ్చి, చీకట్లో గ్రౌండ్ దాకా నడిచి వెళ్లారు. అది చిన్న పని కాదు, నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. అయితే అమెరికా టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ ఆత్మకథ "ఓపెన్" గురించి మీకు చెప్పాలి. పాపకి ఇప్పుడే ఇవ్వకండి, మత్తుమందుల ప్రస్తావనలు అవీ ఉన్నాయి. ఎనిమిది గ్రాండ్‌స్లామ్ టైటిల్స్ గెలిచిన ఆ మనిషి, తనకి టెన్నిస్ అంటే అసహ్యమని మొదట్లోనే రాసుకున్నాడు. ఏడేళ్ల పిల్లాడి మీదకి బంతులు విసిరే మిషన్ పెట్టాడు తండ్రి. దానికి పిల్లాడు "డ్రాగన్" అని పేరు పెట్టుకున్నాడు. రోజుకి 2,500 బంతులు కొడితే ఏడాదికి దాదాపు పది లక్షలవుతాయని, పది లక్షల బంతులు కొట్టిన పిల్లాడిని ఎవరూ ఓడించలేరని ఆ తండ్రి లెక్క. లెక్క ఒక రకంగా నిజమే అయింది. కానీ నీకు ఇష్టమేనా అని ఆ పిల్లాడిని అడిగినవాళ్లు లేరు.

మీరు అలాంటివారని అనడం లేదు. మీ ఉత్తరంలో "మళ్లీ పట్టుదల తెప్పించే" అన్న మాట దగ్గర కాస్త భయం వేసింది, అంతే. పాప మళ్లీ పరిగెత్తవచ్చు. పరీక్షలయ్యాక వేరే ఆటకి వెళ్లవచ్చు. చదివి చదివి ఆటల గురించి రాసే మనిషీ కావచ్చు. మన ఉత్తరాంధ్ర ఆటల గురించి రాయాల్సింది ఎంతో మిగిలి ఉంది, రాసేవాళ్లే తక్కువ. ఏదైనా తన నోటి నుంచి రానివ్వండి.

ఈ ఆదివారం నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీ జ్యోతికి కాదు. పాప పేరు, ఆ మీట్ తేదీ, తన టైమింగ్, పక్కన "నాలుగో ప్లేస్" అని తన చేతే రాయించండి. రెండో పేజీలో ఉష, 55.42. స్పైక్స్ అటక మీదే ఉండనివ్వండి. తను స్టూల్ అడిగిన రోజు తెచ్చి వెయ్యండి.